చిగుళ్ళ వ్యాధి – రుమటాయిడ్ కీళ్ళవాతం: సంబంధం, కారణం, చికిత్స

వ్యాససంగ్రహం:
చిగుళ్ళ వ్యాధికీ రుమటాయిడ్ కీళ్ళవాతానికీ మధ్య సంబంధం ఉందన్న మాట వైద్యరంగంలో కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో ఈ భావన బలంగా ప్రచారం పొంది, తరవాత తిరస్కరణకు గురై, గత రెండు దశాబ్దాలలో జీవరసాయన ఆధారాలతో మళ్ళీ చర్చలోకి వచ్చింది. ఈ వ్యాసం ఆ ప్రస్థానాన్ని పరిచయం చేస్తుంది. ‘సంబంధం’ అనే మాటలో ఇమిడి ఉన్న మూడు వేర్వేరు ప్రశ్నలను విడదీసి, ఒక్కొక్కదానికి లభిస్తున్న ఆధారాల బలాన్నీ పరిమితినీ వివరిస్తుంది.

కీలక పదాలు: చిగుళ్ళ వ్యాధి, రుమటాయిడ్ కీళ్ళవాతం, సిట్రులిన్, ప్రతిరక్షకాలు, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, శోథ, కారణత్వం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘సంబంధం’ అనే మాటకు అర్థపరిధి విస్తృతం. రెండు విషయాలు తరచుగా కలిసి కనిపించినా సంబంధమే అంటారు. ఒకటి మరొకదానికి కారణమైనా సంబంధమే అంటారు. నిత్య వ్యవహారంలో ఈ విస్తృతి వల్ల పెద్దగా ఇబ్బంది లేదు. వైద్య విషయాల్లో మాత్రం ఇది ప్రమాదకరం కావచ్చు. “చిగుళ్ళ వ్యాధికీ కీళ్ళవాతానికీ సంబంధం ఉంది” అన్న వాక్యాన్ని విన్న పాఠకుడు దాన్ని మూడు విధాలుగా గ్రహించే అవకాశం ఉంది. మొదటిది, ఈ రెండు వ్యాధులూ ఒకే వ్యక్తిలో ఎక్కువగా కలిసి కనిపిస్తాయని. రెండవది, చిగుళ్ళ వ్యాధి కీళ్ళవాతానికి దారితీస్తుందని. మూడవది, చిగుళ్ళకు చికిత్స చేయిస్తే కీళ్ళు బాగుపడతాయని.

ఈ మూడూ మూడు వేర్వేరు ప్రతిపాదనలు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండవది నిజం కానక్కరలేదు. రెండవది నిజమైనా మూడవది నిజమవుతుందన్న హామీ లేదు. ఈ భేదాన్ని విస్మరించిన కాలంలో రోగులు తమ దంతాలనే కోల్పోయారు. అందువల్ల ఈ అంశాన్ని చర్చించేటప్పుడు ఏ ఆధారం ఏ ప్రతిపాదనను సమర్థిస్తున్నదో గుర్తించడం అవసరం.

2. పదాలు – వాటి అర్థపరిధి:

2.1 కీళ్ళవాతం: తెలుగు వ్యవహారంలో కీళ్ళనొప్పులన్నింటికీ ‘వాతం’ అనే పేరు స్థిరపడింది. వయసు మీద పడిన కొద్దీ మోకాళ్ళలోని మృదులాస్థి అరిగిపోవడం వల్ల వచ్చే నొప్పి ఆస్టియోఆర్థరైటిస్. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు ముఖ్యంగా కాలి బొటనవేలి కీలులో చేరడం వల్ల వచ్చేది గౌట్. శరీర రక్షణ వ్యవస్థ తన సొంత కీళ్ళ మీదే దాడి చేయడం వల్ల వచ్చేది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఈ మూడింటి పుట్టుక వేరు, గమనం వేరు, చికిత్స వేరు. అయినా మూడింటినీ ప్రజలు కీళ్ళవాతమనే పిలుస్తారు. ఈ వ్యాసంలో చర్చించే పరిశోధనలు మూడవదానికి మాత్రమే వర్తిస్తాయి. మోకాళ్ళ అరుగుదలతో బాధపడే వృద్ధుడికి వీటిని అన్వయించడం సరికాదు.

రుమటాయిడ్ కీళ్ళవాతం సాధారణంగా చేతివేళ్ళ మొదళ్ళు, మణికట్లు, పాదాల వంటి చోట్ల ఉండే చిన్న కీళ్ళలో, శరీరానికి రెండు వైపులా మొదలవుతుంది. ఉదయం నిద్ర లేచాక కీళ్ళు బిగుసుకుపోయి, అవి వదులు కావడానికి చాలాసేపు పట్టడం దీని ముఖ్యలక్షణం. పారిస్‌లో లాంద్రే బోవే 1800లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఈ వ్యాధిని గౌట్ నుంచి వేరుచేసి వర్ణించాడు. ఇంగ్లండ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ గారోడ్ 1859లో దీనికి ‘రుమటాయిడ్ ఆర్థరైటిస్’ అనే పేరు పెట్టాడు. ఆయుర్వేదంలో మాధవకరుడి ‘మాధవనిదానం’ ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. లక్షణాలలో కొంత పోలిక ఉన్నందువల్ల నేటి ఆయుర్వేద వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను ఆమవాతంతో పోల్చి చెబుతుంటారు. రెండు శాస్త్రాల పునాదులు వేరు కనుక ఆ రెండింటినీ పర్యాయపదాలుగా భావించరాదు.

2.2 చిగుళ్ళ వ్యాధి: దంతాలపై నిత్యం ఏర్పడే మెత్తని పొరను తెలుగువారు ‘పాచి’ అంటారు. అది గట్టిపడితే ‘గార’. ఈ రెండు మాటలు ఆధునిక దంతవైద్యం చేసే ఒక ముఖ్యమైన విభజనను చక్కగా సూచిస్తున్నాయి. పాచి అంటే కేవలం ఆహారశేషం కాదు. అది సూక్ష్మజీవులు కట్టుకున్న పొర. దాన్ని రోజూ తొలగించకపోతే చిగుళ్ళు ఎర్రబడి, వాచి, పళ్ళు తోముకునేటప్పుడు రక్తం కారుతుంది. ఇది చిగుళ్ళవాపు. ఈ దశలో శుభ్రతతో చిగుళ్ళు పూర్తిగా కోలుకుంటాయి. వ్యాధి ముదిరితే చిగురుకూ పంటికీ మధ్య సందు లోతవుతుంది. పంటిని పట్టి ఉంచే తంతువులూ ఎముకా కరిగిపోతాయి. చివరికి పన్ను కదులుతుంది. ఇది పీరియోడాంటైటిస్. పూర్వం పత్రికలలోనూ ప్రకటనలలోనూ ‘పయోరియా’ అని పిలిచింది దీన్నే. ఈ వ్యాసంలో ‘చిగుళ్ళ వ్యాధి’ అన్న మాటను ఈ రెండవ దశకే వాడడం జరిగింది.

సుశ్రుత సంహిత ముఖరోగ ప్రకరణంలో దంతమూలాలకు వచ్చే పదిహేను వ్యాధులను పేర్కొన్నది. వాటిలో ‘దంతవేష్టం’ అన్నదానికి చెప్పిన లక్షణాలు చీము, నెత్తురు కారడం, పళ్ళు కదలడం. ఈ బాధ మనిషికి ఎంత పాతదో చెప్పడానికి ఇది చాలు.

3. రెండు వ్యాధుల సామ్యం:

పైకి చూస్తే నోటికీ మణికట్టుకూ పొంతన లేదు. కణజాల స్థాయిలో మాత్రం ఈ రెండు వ్యాధులకూ ఆశ్చర్యకరమైన పోలిక కనిపిస్తుంది. రెండింటిలోనూ ప్రధాన ప్రక్రియ శోథ. గాయానికి గానీ సూక్ష్మజీవికి గానీ ప్రతిస్పందనగా రక్తకణాలు ఒకచోటికి చేరి, అక్కడ ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలిగించడమే శోథ. పని పూర్తయ్యాక చల్లారవలసిన ఈ మంట చల్లారకుండా ఏళ్ళ తరబడి రగులుతూ ఉండడమే ఈ రెండు వ్యాధుల స్వభావం.

శోథను నడిపించే సందేశవాహక రసాయనాలు కూడా చాలావరకు ఒక్కటే. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6 అనేవి వాచిన చిగుళ్ళలోనూ, వాచిన కీళ్ళలోనూ అధికంగా ఉంటాయి. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను ప్రేరేపించే ర్యాంక్-ఎల్ అనే అణువు కూడా రెండు చోట్లా పనిచేస్తుంది. పంటిగూడు కరగడం, వేలికీలు అంచు కరగడం ఒకే రకమైన కణాల పని.

ఈ సామ్యాన్ని గుర్తించడం అవసరం. అయితే దీన్ని కారణత్వంగా పొరబడకూడదు. ఒకే రకం నిప్పు రెండు ఇళ్ళను కాల్చవచ్చు. మొదటి ఇంటి నిప్పురవ్వే రెండవ ఇంటిని అంటుకున్నదా, లేక రెండూ వేర్వేరుగా అంటుకున్నాయా అన్నది విడిగా తేలవలసిన విషయం.

4. తొందరపాటు నేర్పిన పాఠం:

పంటికీ కీలుకూ ముడిపెట్టే ఆలోచన ప్రాచీనమైనది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన వైద్యుడు బెంజమిన్ రష్, పన్ను తీయించిన తరవాత వాతం నయమైన ఒక రోగి ఉదంతాన్ని నమోదు చేశాడు. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1900లో నోటిలోని మురికే అనేక వ్యాధులకు మూలమని ప్రతిపాదించాడు. 1910లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో అదే వాదాన్ని మరింత తీవ్రంగా వినిపించాడు. చికాగోకు చెందిన ఫ్రాంక్ బిల్లింగ్స్ ఈ భావనకు ‘ఫోకల్ ఇన్‌ఫెక్షన్’ సిద్ధాంతంగా ప్రాచుర్యం కల్పించాడు. శరీరంలో ఒక మూల దాగిన సూక్ష్మజీవుల స్థావరం రక్తం ద్వారా దూరపు అవయవాలకు వ్యాధిని పంపుతుందని ఈ సిద్ధాంతం సారాంశం.

ఆ స్థావరాలుగా ముందు అనుమానించినవి దంతాలు, టాన్సిళ్ళు. ఫలితంగా కీళ్ళనొప్పులతో వచ్చిన రోగులకు పళ్ళు పీకించడం ఒక చికిత్సాపద్ధతిగా మారింది. చెడిన పళ్ళతో పాటు అనుమానం మీద మంచి పళ్ళనూ తీసేశారు. అమెరికాలోని న్యూజెర్సీలో ట్రెంటన్ మానసిక వైద్యశాలను నిర్వహించిన హెన్రీ కాటన్ మానసిక రోగాలకు కూడా ఇదే మూలమని నమ్మి రోగుల పళ్ళను, తరవాత లోపలి అవయవాలను తొలగించాడు. ఆ శస్త్రచికిత్సలలో ఎందరో మరణించారు.

ఈ సిద్ధాంతానికి పెద్ద దెబ్బ 1938లో తగిలింది. రసెల్ సెసిల్, ఏంజెవిన్ అనే వైద్యులు 200 మంది రుమటాయిడ్ రోగుల వివరాలను విశ్లేషించి, దంతాలు, టాన్సిళ్ళు తొలగించడం వల్ల అత్యధికులకు కీళ్ళ విషయంలో ప్రయోజనం కలగలేదని ప్రకటించారు. సెసిల్ అంతకుముందు కీళ్ళవాతానికి సూక్ష్మజీవుల సంక్రమణే మూలమని నమ్మినవాడు కావడం గమనార్హం. తాను నమ్మిన సిద్ధాంతాన్ని తన రోగుల లెక్కలతోనే పరీక్షించాడు.

ఇక్కడ తప్పు ఊహలో లేదు. నోటి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరగలవన్న ఊహ నేటికీ నిలిచే ఉంది. తప్పల్లా మొదటి ప్రశ్నకు దొరికిన అరకొర జవాబును మూడవ ప్రశ్నకు జవాబుగా భావించి, పరీక్షించకముందే చికిత్స మొదలుపెట్టడంలో ఉంది.

5. సిట్రులిన్ తెచ్చిన మలుపు:

ఫోకల్ ఇన్‌ఫెక్షన్ సిద్ధాంతం వెనకబడ్డాక చిగుళ్ళు, కీళ్ళ ప్రస్తావన చాలాకాలం మరుగున పడింది. అది మళ్ళీ తెరమీదికి రావడానికి కారణమైనది సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం. పుచ్చకాయ శాస్త్రీయనామమైన ‘సిట్రులస్’ నుంచి దీనికా పేరు వచ్చింది. మొదట దాన్ని వేరుచేసింది పుచ్చరసం నుంచే.

మానవ శరీరంలో ప్రోటీన్లు తయారయ్యేటప్పుడు వాటిలో సిట్రులిన్ నేరుగా చేరదు. తయారైన ప్రోటీనులోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని ‘ప్యాడ్’ అనే ఎంజైములు సిట్రులిన్‌గా మారుస్తాయి. ఈ మార్పును సిట్రులినీకరణ అనవచ్చు. అక్షరం ఒక్కటి మారితే పదం అర్థం మారినట్లు, ఈ చిన్న మార్పుతో ప్రోటీను విద్యుదావేశం మారి, దాని మడత కూడా మారవచ్చు. ఇది చర్మం గట్టిపడడం వంటి సహజ ప్రక్రియలలోనూ జరిగేదే. అయితే కొందరి రక్షణ వ్యవస్థ ఇలా మారిన సొంత ప్రోటీన్లను పరాయివిగా భావించి, వాటికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది.

రుమటాయిడ్ రోగుల రక్తంలో ఉండే ప్రత్యేక ప్రతిరక్షకాలకు లక్ష్యం సిట్రులిన్ అని నెదర్లాండ్స్‌లో షెల్లెకెన్స్, వాన్ వెన్‌రాయ్ బృందం 1998లో నిరూపించింది. దాని ఆధారంగా రూపొందినదే నేడు వైద్యులు రాసే యాంటీ సీసీపీ రక్తపరీక్ష. 2010లో అమెరికా, ఐరోపా రుమటాలజీ సంస్థలు ఉమ్మడిగా ప్రకటించిన వ్యాధి వర్గీకరణ ప్రమాణాలలో ఈ ప్రతిరక్షకాలకు స్థానం దక్కింది.

ఈ ఆవిష్కరణలో మరొక ముఖ్యాంశం కాలక్రమం. నెదర్లాండ్స్‌లో నీలెన్ బృందం 2004లో ప్రకటించిన పరిశోధనలో, అంతకుముందు రక్తదానం చేసి తరవాత రుమటాయిడ్ వ్యాధి బారినపడిన 79 మంది పాత రక్తనమూనాలను పరీక్షించారు. వారిలో దాదాపు సగం మందిలో కీళ్ళలో ఏ లక్షణమూ కనిపించకముందే, కొన్నేళ్ళ పూర్వమే, ఈ వ్యాధికి సంబంధించిన ప్రతిరక్షకాలు ఉన్నాయి. అంటే రక్షణ వ్యవస్థ దారితప్పడం కీళ్ళు వాచడానికి చాలా ముందే జరుగుతున్నది. మరి కీళ్ళలో మొదలుకానిది ఎక్కడ మొదలైంది? పరిశోధకుల దృష్టి ఊపిరితిత్తులు, పేగులు, చిగుళ్ళ వైపు మళ్ళింది. ఈ మూడూ బయటి ప్రపంచపు సూక్ష్మజీవులకూ పదార్థాలకూ నిత్యం ఎదురయ్యే సున్నితమైన పొరలు.

6. చిగుళ్ళలోని సూక్ష్మజీవులు:

6.1 పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్: చిగుళ్ళ వ్యాధిలో ప్రధాన పాత్ర వహించే సూక్ష్మజీవి ఇది. ఆక్సిజన్ లేని లోతైన సందులలో వృద్ధి చెందుతుంది. దీనికి సొంతంగా సిట్రులినీకరణ ఎంజైము ఉన్నట్లు 1999లో వెల్లడైంది. దీనిలోని ‘జింజిపెయిన్’ అనే ఎంజైములు ప్రోటీన్లను ఆర్జినిన్ దగ్గర తుంచుతాయి. ఆ తరవాత సిట్రులినీకరణ ఎంజైము తెగిన కొసన మిగిలిన ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మారుస్తుంది. కత్తెర, రంగు రెండూ ఒకే చేతిలో ఉన్నట్లు ఈ సూక్ష్మజీవి పనిచేస్తుంది. దీని ఆధారంగా రోసెన్‌స్టీన్ తదితరులు 2004లో ఒక ప్రతిపాదన చేశారు. చిగుళ్ళలో ఈ సూక్ష్మజీవి సృష్టించిన సిట్రులిన్ ప్రోటీన్లకు వ్యతిరేకంగా మొదలైన ప్రతిస్పందనే, తగిన జన్యు నేపథ్యం ఉన్నవారిలో, కీళ్ళదాకా విస్తరించవచ్చునన్నది దాని సారం.

ఎలుకలపై 2013లో వెలువడిన ప్రయోగ ఫలితాలు ఈ ప్రతిపాదనకు బలమిచ్చాయి. ఈ సూక్ష్మజీవి సోకిన ఎలుకలలో కీళ్ళవాతం తీవ్రమైంది. సిట్రులినీకరణ ఎంజైము లేకుండా చేసిన రకం సోకినప్పుడు ఆ తీవ్రత కనిపించలేదు. అయితే ఎలుకలలో కీళ్ళవాతాన్ని కృత్రిమంగా కలిగిస్తారు. మనుషులలో అది దశాబ్దాల మీద రూపుదిద్దుకుంటుంది. కనుక ఈ ఫలితం ప్రక్రియ సాధ్యమని చూపుతుందే తప్ప మనుషులలో అదే జరుగుతున్నదని నిర్ధారించదు.

6.2 అగ్రిగేటిబ్యాక్టర్ ఆక్టినోమైసిటెమ్‌కోమిటాన్స్: అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2016లో మరొక మార్గాన్ని వివరించారు. ఈ సూక్ష్మజీవి స్రవించే ల్యూకోటాక్సిన్ అనే విషం తెల్లరక్తకణాల పొరకు రంధ్రాలు చేస్తుంది. ఆ రంధ్రాల గుండా కాల్షియం లోపలికి చేరడంతో కణంలోని మానవ ‘ప్యాడ్’ ఎంజైములే అదుపు తప్పి, ప్రోటీన్లను విస్తారంగా సిట్రులినీకరిస్తాయి. మొదటి సూక్ష్మజీవి తన సొంత పనిముట్టుతో పనిచేస్తే, ఇది ఇంటివారి పనిముట్టునే ఇంటిమీద ప్రయోగిస్తున్నది.

6.3 రక్తప్రవేశం: స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాల్గొని 2023లో ప్రకటించిన మరొక పరిశోధనలో కొద్దిమంది రుమటాయిడ్ రోగుల రక్తాన్ని దీర్ఘకాలం పాటు వారం వారం పరీక్షించారు. చిగుళ్ళ వ్యాధి ఉన్నవారి రక్తంలోకి నోటి సూక్ష్మజీవులు పదేపదే చేరుతున్నట్లు, వాటిలోని సిట్రులిన్ ప్రోటీన్లను రోగుల ప్రతిరక్షకాలు గుర్తిస్తున్నట్లు అందులో తేలింది. నూరేళ్ళ కిందట హంటర్ ఊహించిన దారి ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే ఆ దారిన జరుగుతున్నది సూక్ష్మజీవులు కీళ్ళకు చేరి అక్కడ చీము పట్టించడం కాదు. రక్షణ వ్యవస్థను పదేపదే రెచ్చగొట్టడం.

7. జనసమూహ అధ్యయనాలు:

ప్రయోగశాలలో సాధ్యమైనది సమాజంలో ఎంతమేరకు జరుగుతున్నదో తెలుసుకోవడానికి జనసమూహాలను పరిశీలించాలి. ఈ ఫలితాలు ఏకముఖంగా లేవు.

సమర్థించే ఆధారాలలో ముఖ్యమైనది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జరిగి 2019లో వెలువడినది. ఇందులో యాంటీ సీసీపీ ప్రతిరక్షకాలు ఉండి, కీళ్ళలో వాపు ఇంకా మొదలుకాని 48 మందిని పరీక్షించారు. వారిలో 73 శాతం మందికి చిగుళ్ళ వ్యాధి ఉంది. పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతులలో అది 38 శాతం. కీళ్ళవాతం వల్ల చేతులు వంగక, పళ్ళు సరిగా తోముకోలేక చిగుళ్ళు చెడ్డాయనే వివరణ వీరికి వర్తించదు. ఎందుకంటే వీరి చేతులు ఇంకా బాగానే ఉన్నాయి.

దీనికి భిన్నంగా, స్వీడన్‌లో 2,740 మంది రుమటాయిడ్ రోగులనూ 3,942 మంది ఇతరులనూ దంతవైద్య రికార్డుల ద్వారా పోల్చిన అధ్యయనం 2016లో వెలువడింది. రెండు వర్గాల మధ్య చిగుళ్ళ వ్యాధి విషయంలో చెప్పుకోదగిన తేడా అందులో కనిపించలేదు. మరోవైపు అదే దేశపు రోగుల రక్తనమూనాలపై జరిగిన పరిశోధనలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్‌కు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు రుమటాయిడ్ రోగులలో ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

ఈ వైరుధ్యానికి ఒక కారణం కొలమానాల తేడా. కొందరు పరిశోధకులు సన్నని కొలపుల్లతో ప్రతి పంటి చుట్టూ సందు లోతును కొలుస్తారు. కొందరు రికార్డులపై ఆధారపడతారు. మరికొందరు ఊడిన పళ్ళను లెక్కిస్తారు. పన్ను ఊడడానికి పుచ్చిపోవడం కూడా కారణం కావచ్చు. ఒకే పేరుతో వేర్వేరు వస్తువులను కొలిచినప్పుడు జవాబులు వేర్వేరుగా రావడం సహజం.

రెండవ కారణం పొగాకు. పొగతాగడం చిగుళ్ళ వ్యాధికి ప్రధాన కారకం. రుమటాయిడ్ వ్యాధికీ, ముఖ్యంగా సిట్రులిన్ ప్రతిరక్షకాలు గల రకానికీ, బలమైన కారకం. కాబట్టి పొగతాగేవారిలో ఈ రెండు వ్యాధులూ ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండానే కలిసి కనిపించవచ్చు. పొగ మరొక విధంగానూ తప్పుదోవ పట్టిస్తుంది. పొగతాగేవారి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా కారుతుంది. వ్యాధి లోలోపల ముదురుతున్నా తొలి హెచ్చరిక వినిపించదు. చుట్ట నిప్పుకొసను నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్న ఉత్తరాంధ్ర వంటి ప్రాంతాలలో పనిచేసే వైద్యులు, పరిశోధకులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసి ఉంటుంది.

మూడవది జన్యు నేపథ్యం. కొన్ని హెచ్ఎల్ఏ జన్యు రూపాలలో ఉండే ఉమ్మడి భాగం రుమటాయిడ్ వ్యాధి ప్రమాదాన్ని పెంచుతుందని గ్రెగర్సన్ తదితరులు 1987లో ప్రతిపాదించారు. అందరి రక్షణ వ్యవస్థా ఒకే ప్రేరణకు ఒకే విధంగా స్పందించదు.

అన్నింటినీ మించి ఒక సాధారణ లెక్కను గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి గలవారు ప్రపంచంలో 100 కోట్లకు పైగా ఉన్నారు. రుమటాయిడ్ కీళ్ళవాతంతో 2019లో జీవిస్తున్నవారు సుమారు కోటీ 80 లక్షలు. వారందరికీ తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి ఉన్నదనుకున్నా, ఆ వ్యాధి గల ప్రతి నూరుమందిలో కీళ్ళవాతం గలవారు ఇద్దరికి మించరు. చిగుళ్ళ వ్యాధి ఒక్కటే చాలిన కారణమైతే ఈ లెక్క ఇలా ఉండదు. అది కారణాల గొలుసులో ఒక కొక్కెం కావచ్చు గానీ, గొలుసంతా కాదు.

8. చికిత్స గురించిన ప్రశ్న:

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవి రోగులను వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి చిగుళ్ళ చికిత్స చేసి, రెండవ వర్గంతో పోల్చే ప్రయోగాలే. గార తీసి, పంటివేళ్ళను శుభ్రపరచిన తరవాత కీళ్ళ వాపు, నొప్పి సూచికలు కొంత తగ్గినట్లు 2009లో అమెరికాలో 40 మందిపై జరిగిన ప్రయోగంతో సహా కొన్ని చిన్న ప్రయోగాలు తెలిపాయి. ఫ్రాన్స్‌లో జరిగి 2019లో వెలువడిన ‘ఎస్పెరా’ ప్రయోగంలో చిగుళ్ళ స్థితి మెరుగుపడింది గానీ కీళ్ళవాత సూచికలో వర్గాల మధ్య తేడా రాలేదు. ఈ ప్రయోగాలలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ, పరిశీలించిన కాలం స్వల్పం. కనుక చిగుళ్ళ చికిత్సను కీళ్ళవాతానికి చికిత్సగా చెప్పడానికి ఇవి చాలవు.

ఇందులో తర్కపరమైన ఇబ్బంది కూడా ఉంది. నిప్పు పుట్టించిన అగ్గిపుల్లను తరవాత ఆర్పినంత మాత్రాన అంటుకున్న వామి ఆరిపోదు. చిగుళ్ళలోనే వ్యాధి మొదలైందనుకున్నా, ప్రతిరక్షకాలు ఏర్పడి కీళ్ళలో శోథ స్థిరపడ్డాక మూలాన్ని తొలగించడం వల్ల ప్రయోజనం పరిమితం కావచ్చు. నివారణకు పనికివచ్చేది చికిత్సకు పనికిరాకపోవచ్చు.

రోగి దృష్టితో చూస్తే ఇక్కడ ప్రమాదం రెండు వైపులా ఉంది. పళ్ళు బాగుచేయించుకుంటే చాలునని నమ్మి మెథోట్రెక్సేట్ వంటి మందులను ఆపేసిన రోగికి, ఆ కొద్దినెలలలో కరిగిన కీలు ఎముక తిరిగి రాదు. మరోవైపు, కీళ్ళకూ నోటికీ ఏ పొత్తూ లేదని చిగుళ్ళను పట్టించుకోని రోగి తన పళ్ళను కోల్పోతాడు. వైద్యుడు రాసిన మందు కొనసాగిస్తూనే చిగుళ్ళకు చికిత్స చేయించుకోవడమే ఈ రెండు ప్రమాదాలనూ తప్పించే మార్గం.

9. ఎదురుదిశలో ప్రభావం:

కీళ్ళవాతం చిగుళ్ళపై చూపే ప్రభావాన్ని కూడా గుర్తించాలి. వేళ్ళు వంకరపోయి, మణికట్టు తిరగని రోగికి పళ్ళు తోముకోవడం కష్టమైన పని. దవడ కీలు దెబ్బతింటే నోరు పూర్తిగా తెరుచుకోదు. కొందరు రోగులలో లాలాజల గ్రంథులు కూడా దెబ్బతిని నోరు ఎండిపోతుంది. రక్షణ వ్యవస్థను అణచే మందులు వాడేవారు సంక్రమణల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ వ్యాధిగ్రస్తులలో దాదాపు 70 శాతం స్త్రీలు. ఇంటిపని భారమంతా తమపై ఉన్న స్త్రీలు నొప్పితో ఉన్న చేతులను ముందు వంటకూ బట్టలకూ వాడి, తమ నోటి శుభ్రతను చివరికి వాయిదా వేయడం ఊహించదగినదే. పిడి లావుగా ఉన్న బ్రష్, లేదా విద్యుత్ బ్రష్ వంటి చిన్న ఏర్పాట్లు ఇటువంటివారికి ఎంతో ఉపకరిస్తాయి.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం తెలుగునాట విస్తృతంగా వినిపిస్తుంది. ఎముక కరిగి అప్పటికే వదులైన పళ్ళను గార తాత్కాలికంగా అతికినట్లు పట్టి ఉంచుతుంది. దాన్ని తొలగించినప్పుడు దాగిన వదులు బయటపడుతుంది. వాపు తగ్గడంతో పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి. చికిత్స ఆ వదులును కలిగించలేదు, వెల్లడించింది. ముందు జరిగినదాన్ని కారణంగా, తరవాత కనిపించినదాన్ని ఫలితంగా భావించే పొరపాటు ఈ భయం వెనక ఉంది. ఫోకల్ ఇన్‌ఫెక్షన్ సిద్ధాంతకర్తలు చేసిన పొరపాటు కూడా ఈ కోవకు చెందినదే.

10. ముగింపు:

పై చర్చ ఆధారంగా ఈ కింది అంశాలను నిర్ధారించవచ్చు.

• చిగుళ్ళ వ్యాధి, రుమటాయిడ్ కీళ్ళవాతం కలిసి కనిపించడాన్ని పలు పరిశోధనలు చూపాయి. అన్ని పరిశోధనలూ ఏకీభవించవు. పొగాకు ఈ సహవాసంలో కొంత భాగాన్ని వివరిస్తుంది.

• చిగుళ్ళలోని సూక్ష్మజీవులు సిట్రులినీకరణ ద్వారా రక్షణ వ్యవస్థను దారితప్పించగల మార్గాలు ప్రయోగశాలలో స్పష్టమయ్యాయి. ఇవి కారణత్వాన్ని సంభావ్యం చేస్తున్నాయి. జన్యు నేపథ్యం, ఇతర కారకాలు తోడుకాకుండా చిగుళ్ళ వ్యాధి ఒక్కటే ఈ వ్యాధిని కలిగిస్తుందనడానికి ఆధారం లేదు.

• చిగుళ్ళ చికిత్స కీళ్ళవాతాన్ని తగ్గిస్తుందన్న వాదనకు ఆధారం పరిమితం. చిగుళ్ళ కోసం చిగుళ్ళకు చికిత్స చేయించుకోవడం మాత్రం నిస్సందేహంగా అవసరం.

• తెలుగులో ఆరోగ్య విషయాలను రాసేవారు ‘కీళ్ళవాతం’ అన్నప్పుడు ఏ వ్యాధిని ఉద్దేశిస్తున్నారో, ‘సంబంధం’ అన్నప్పుడు సహవాసాన్నా, కారణాన్నా, చికిత్సాఫలితాన్నా దేన్ని సూచిస్తున్నారో స్పష్టం చేయాలి. ‘కలిసి కనిపిస్తుంది’, ‘దారితీస్తుంది’, ‘నయం చేస్తుంది’ అనే మూడు క్రియలు తెలుగులో వేర్వేరుగానే ఉన్నాయి. వాటిని వేర్వేరుగా వాడితే చాలు.

పూర్వం ఒక అసంపూర్ణమైన జవాబును నమ్మి పీకించుకున్న పళ్ళు తిరిగి రాలేదు. నేడు చేతిలో ఉన్న జవాబు నాటికంటే ఎంతో మెరుగైనదే, కానీ సంపూర్ణమైనది కాదు. దాన్ని ఉన్నంతవరకే చెప్పడం రోగి విషయంలో పాటించవలసిన కనీస బాధ్యత.